మాట్లాడకుండా తవ్విన వేరు

బసవరుద్రయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏదైనా ప్రశ్న అడిగితే ఆ పూట జవాబు చెప్పేవారు కాదు. "మంచిది, దాచిపెడతా" అనేవారు. తర్వాత ఎప్పుడో, ఏ దూడకో జబ్బు చేసినప్పుడు, లేదా ఏ కషాయమో పొంగి పొయ్యిపాలైనప్పుడు, "మొన్న అడిగినావే, ఇదిగో చూడు" అని ఆ జరిగినదాన్నే జవాబుగా చూపించేవారు. అలా తెలుసుకున్నది శిష్యుడికి జన్మలో మరుపు రాదని ఆయన నమ్మకం. చుట్టుపక్కల వైద్యులు ఈ పద్ధతిని తెగ మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకోవడానికేం, ఎంతైనా మెచ్చుకోవచ్చు. జబ్బుపడింది వాళ్ళింటి ఆడపిల్ల కాదు గదా.

నల్లమల అడవి మొదలయ్యే చోట ఉండేది ఆయన మఠం. పేరుకు మఠమే గాని రెండు గదులూ, ఒక వసారా, మందులు దంచుకునే రోళ్ళూ తప్ప అక్కడేమీ లేదు. ఆయన వైద్యం చేసేవారు, ఇద్దరు శిష్యులకు నేర్పేవారు. పెద్దవాడు రేవన్న. జంగాల ఇంట పుట్టి, చిన్నప్పటినుంచీ ఆ మఠంలోనే పెరిగాడు. మాటకారి, చెయ్యి చురుకు. రెండోవాడు ఓబులేసు, కుమ్మరి ఇంటినుంచి వచ్చాడు. వేరే కులంవాణ్ణి మఠంలో పెట్టుకోవడమేమిటని అప్పట్లో కొందరు సణిగితే బసవరుద్రయ్యగారు చెవిని పెట్టలేదు. ఆ సంగతి ఓబులేసు ఒక్కనాడూ మరవలేదు. లోపలికి రానిచ్చారు, అదే పదివేలు అనుకున్నాడు. అందుకే ఏ నియమమైనా రేవన్న ఒకపాలు పాటిస్తే వాడు రెండుపాళ్ళు పాటించేవాడు. ఎవరూ వేలెత్తి చూపకూడదని వాడి బాధ.

ఆ మఠంలో వేరు తవ్వడానికి ఒక పద్ధతి ఉంది. ముందురోజు సాయంత్రం, పొద్దు గూకకముందే, మొక్కను గుర్తుపట్టి దాని మొదట్లో పసుపుదారం కట్టాలి. కడుతూనే "రేపు వస్తాను, నీ వేరు ఇయ్యి" అని అడగాలి. అడిగిన పూట దాన్ని గిల్లకూడదు, గీరకూడదు, గాయం చెయ్యకూడదు. మర్నాడు తెల్లవారుతూనే వెళ్ళి తవ్వుకోవాలి. దారం ముడి పడిన క్షణం నుంచి, ఆ మందు రోగి గొంతు దిగేదాకా, వెళ్ళినవాళ్ళు పెదవి విప్పకూడదు. ఒక్క మాట పలికినా వేరులో బలం దిగిపోతుందని అంటారు. ఎప్పుడూ ఇద్దరు వెళ్ళాలి, ఒక్కడు వెళ్ళకూడదు. ఇదంతా బసవరుద్రయ్యగారు పెట్టింది కాదు. ఆయన గురువుగారి కాలంలోనూ ఉన్నదే, ఆయనకు ముందూ ఉన్నదే.

శివరాత్రి వెళ్ళిన కొత్తల్లో ఒకనాడు ఓబులేసు రోలు దగ్గర కూర్చుని ఏదో దంచుతూ అడిగాడు.

"సామీ, తవ్వేటప్పుడు మాట్లాడితే వేరు బలం నిజంగా పోతాదా?"

రేవన్న నవ్వాడు. "ఇన్నేండ్లు మూతి బిగించుకొని తవ్వి ఇప్పుడు అడుగుతాండాడు సామీ వీడు" అన్నాడు.

బసవరుద్రయ్యగారు తన వాచిన మోకాలికి నూనె రాసుకుంటున్నారు. ఆ చలికాలమంతా ఆయన వసారా దిగలేదు. ఓబులేసు వంక చూసి, "మంచి ప్రశ్నే. దాచిపెడతా" అన్నారు. ఓబులేసు మళ్ళీ రోకలి అందుకున్నాడు.

ఆ ప్రశ్న అడిగి వారమన్నా కాకముందే, ఒక మధ్యాహ్నం దొరువుపల్లె నుంచి సంగప్ప వచ్చాడు. సంగప్ప రేవన్నకు బావ, రేవన్న చెల్లెలు నీలమ్మ మొగుడు. ఎండలో పరుగులాంటి నడకతో వచ్చాడు, నీళ్ళిస్తే తాగలేదు. "నీలమ్మ లేయలేకుండా ఉండాది సామీ. పొద్దున మొదలుకొని నెత్తురు పడతాంది. కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతాంది" అన్నాడు. రేవన్న చేతిలో ఉన్న చేట కింద పెట్టేశాడు. ఆ చలికాలంలో చుట్టుపక్కల ఊళ్ళలో అదే నెత్తురు విరేచనాల జబ్బు. దానికి ఆ మఠంలో ఒకటే మందు, కొడిశపాల వేరుపట్ట, అంటే వేరు మీది బెరడు, కాచిన కషాయం. తాగినవాళ్ళు చాలామంది లేచి తిరుగుతున్నారు. కానీ మఠంలో ఉన్న పట్టంతా వాళ్ళకే అయిపోయింది. గురువుగారు అరలన్నీ వెతికించారు. గుప్పెడు పట్ట కూడా దొరకలేదు.

"తెచ్చుకోవాల్సిందే" అన్నారు బసవరుద్రయ్యగారు. "ఇద్దరూ పోండి. వినండి, ఆకు రాలిన కాలం, ఆకు చూసి గుర్తుపట్టేదానికి కుదరదు. కాయలు చూడండి, సన్నగా పొడుగ్గా జంటజంటగా వేలాడతాంటాయి. నేల చూడండి. ఎర్రగరుసు వాలులో, ఎండ బాగా పడే చోట ఉంటాది మనది. బండల నడుమ ఎతకద్దు. బండల్లో ఉండేది వేరే. రేపు మొదటి దెబ్బకు పాలు కారతాయి. పాలు కారితేనే మనది."

బండల్లో ఉండేది ఏదో ఆయన చెప్పలేదు, వాళ్ళకు తెలుసు. ఆ పొద పేరు పలకడానికి అక్కడి జనం ఇష్టపడరు. 'మేక ముట్టనిది' అంటారంతే. పచ్చగా ఉన్నప్పుడు దాన్ని పసివాడైనా గుర్తుపడతాడు, ఆకు గుండ్రంగా ఉంటుంది. ఆకు రాలితే మాత్రం అదీ ఎండిన కట్టెల మోపే, కొడిశపాలా ఎండిన కట్టెల మోపే. చేపలు పట్టేవాళ్ళు దాని పట్ట దంచి మడుగులో కలుపుతారు. కాసేపటికి చేపలు వెల్లకిలా తేలతాయి.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ ఎర్రగరుసు వాలు చేరారు. చేరి, అక్కడే నిలబడిపోయారు. ఎవరో గడ్డికి నిప్పు పెట్టినట్టున్నారు, వాలు వాలంతా కాలిపోయి ఉంది. ప్రతి ఏడూ కొడిశపాల తవ్వుకునే చోట మూరెడేసి నల్లటి మోళ్ళు మిగిలాయి. రేవన్న ఆ మసిలో అటూ ఇటూ తిరిగాడు. "ఇప్పుడెట్లరా, ఇప్పుడెట్ల" అని తనలో తను అనుకుంటూ, కాళ్ళకు మసి పూసుకుని గుట్ట మీదికి ఎక్కాడు. పొద్దు గూకకముందే దారం కట్టాలి, లేకపోతే ఇంకో రోజు పోతుంది, ఆ ఇంకో రోజు నీలమ్మకు ఉందో లేదో. ఓబులేసు గంప మోసుకుంటూ వెనక ఎక్కాడు. మంట పైదాకా రాలేదు. పైన బండలు, బండల సందుల్లో ఆకులు రాలిన పొదలు.

"అదిగో, జంటకాయలు" అన్నాడు రేవన్న. నిజంగానే ఒక పొదనిండా సన్నటి జంటకాయలు వేలాడుతున్నాయి. కింద నిలబడ్డ ఓబులేసుకూ కనిపించాయి. చోటు బండల నడుమ గదా అని వాడికి ఒక్క క్షణం అనిపించింది. అయితే రేవన్న అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని దారం చుడుతున్నాడు. "రేపు వస్తాను తల్లీ, నీ వేరు ఇయ్యి. నా చెల్లెలికి" అన్నాడు. ముడి పడింది, మాట ఆగిపోయింది. ఇక ఆ ఇద్దరి మధ్యా మౌనమే.

తెల్లవారుతూనే తవ్వడం మొదలుపెట్టారు. రేవన్న గడ్డపార ఎత్తి వేశాడు. మట్టి లేచింది, వేరు మీద పట్ట చీలింది. ఓబులేసు వంగి చూశాడు. పాలు లేవు. చీలిన చోట ముదురు రంగులో పొడిగా ఉంది. రెండో దెబ్బకు పొద కదిలింది, కదిలినప్పుడు ఆ జంటకాయలు గుత్తులు గుత్తులుగా జారి ఓబులేసు చేతిమీద పడ్డాయి. కాయలతోపాటు ఒక సన్నటి తీగ కూడా జారింది. అది నల్లతీగ. దానికీ జంటకాయలే కాస్తాయి. ఆ తీగ ఈ పొద మీదికి పాకి, ఆకు రాల్చి, కాయలు మాత్రం మిగుల్చుకుంది. ఆ కాయలు పొదవి కావు.

రేవన్న మూడో దెబ్బ వేస్తున్నాడు, నాలుగో దెబ్బ వేస్తున్నాడు. అతను వేరు చూడటం లేదు, అతని కళ్ళనిండా నీళ్ళు. ఓబులేసు చెయ్యి చాపి అతని భుజం మీద వేశాడు. రేవన్న తిరిగి చూశాడు. ఉబ్బిన కళ్ళతో తల అడ్డంగా ఊపి, పెదవుల మీద వేలు పెట్టుకుని, మళ్ళీ గడ్డపార ఎత్తాడు. ఓబులేసు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చెయ్యి తీసుకున్నాక మనసు ఊరుకుంటుందా. వంద సాకులు చెప్పింది. కింద మంట వేడికి పాలు ఇంకిపోయి ఉండొచ్చు అంది. దారం కట్టింది రేవన్న, తవ్వేది వాడి సొంత చెల్లెలి కోసం, వాడికన్నా నువ్వు ఎక్కువ చూశావా అంది. నువ్వు నోరు తెరిచి, ఆ వేరు మంచిదే అయి, బలం పోయి, ఆ పిల్ల చచ్చిపోతే ఏం చేస్తావు అంది. కుమ్మరివాణ్ణి మఠంలో పెట్టుకుంటే ఇట్లనే అవుతుందని ఊరంతా అనదా అంది. ఈ చివరి మాట దగ్గర వాడు గట్టిగా నోరు మూసుకున్నాడు. నియమం వాడికి అంత ఆసరా ఇంతకుముందెప్పుడూ ఇవ్వలేదు. పట్ట ఒలిచి గంప నింపారు. ఓబులేసే ఆ గంప నెత్తిన పెట్టుకున్నాడు.

దొరువుపల్లెలో నీలమ్మ వాకిట్లోకి తెచ్చి వేసిన నులకమంచం మీద ఉంది. ముఖం పీక్కుపోయింది, పెదవులు పొట్టు లేస్తున్నాయి. అన్నను చూడగానే కళ్ళు వెలిగాయి. "వచ్చినావా అన్నా. మాట్లాడవేమి?" అంది. వెంటనే గుర్తొచ్చి నవ్వింది. "మందు తెచ్చినావు గదా, మరిచిపోతి. మాట్లాడొద్దులే." తర్వాత ఓబులేసు వైపు తిరిగి, "ఇద్దరూ మూగోళ్ళయి వచ్చినారు చూడు. నాకు బాగైనాక ఇద్దరికీ కలిపి తిట్లు పెడతా, అప్పుడు కూడా మాట్లాడాకండి" అంది. రేవన్న ఆ పిల్ల తల నిమిరాడు. ఓబులేసు పొయ్యి దగ్గరికి పోయాడు.

పట్ట కడిగింది రేవన్న, నలగ్గొట్టింది రేవన్న. మంట ఎగదోసింది మాత్రం ఓబులేసు. కషాయం మరుగుతుంటే ఆ ఆవిరిలో వాడు కొడిశపాలకు ఉండే చేదు వాసన కోసం ముక్కు పెట్టి చూశాడు, కళ్ళు మండేదాకా చూశాడు. వాసన రాలేదు. గిన్నెలో పోసి, చల్లార్చి, రేవన్న చెల్లెలి తల ఎత్తి పట్టుకుని తాగించాడు. ఆ పిల్ల ముఖం ముడుచుకుని, "అందరూ చేదు చేదు అంటారే, వగరుగా ఉండాదే" అంది. చుక్క మిగల్చకుండా తాగింది.

మందు గొంతు దిగింది. నియమం తీరిపోయింది. "తాగినావు గదా తల్లీ. ఇంక తగ్గిపోతాదిలే" అన్నాడు రేవన్న, అంతసేపు బిగబట్టిన మాట ఒక్కసారి వదిలి. ఓబులేసు నోరు కూడా అప్పుడే విడుదలైంది. అప్పుడన్నా చెప్పొచ్చు. గొంతులో వేళ్ళు పెట్టి కక్కించొచ్చు, ఏదో ఒకటి చెయ్యొచ్చు. వాడు మంచం దగ్గరికి నడిచాడు. నోరు తెరిచాడు. "నీళ్ళు కావాలామ్మా?" అన్నాడు.

ఆ పిల్ల కాసేపు నిద్రపోయింది. నిద్రపోయిందంటే నొప్పి తగ్గినట్టే గదా అనుకుని ఓబులేసు ఆ నిద్రను చూస్తూ కూర్చున్నాడు. ఇంత ఆశగా ఎవరి నిద్రనూ వాడు చూసి ఎరగడు. సాయంత్రం వాంతులు మొదలయ్యాయి. చీకటి పడకముందే "దీపం పెట్టండి, ఏమీ కనపడ్డంలేదు" అంది. ఆ తర్వాత ఊపిరి అందక రొప్పింది. మర్నాడు పొద్దు ఎక్కకముందే పోయింది. చివరిదాకా రేవన్న చెయ్యి వదల్లేదు. జబ్బు ముదిరిపోయిందన్నారు అందరూ. "ఆలస్యం చేసినానురా, ముందురోజే రాకపోతిని" అని రేవన్న తల కొట్టుకున్నాడు. ఆ పక్కనే నిలబడి ఓబులేసు ఆ మాట విన్నాడు. విని, కాదని అనలేదు.

సమాధి చేసి వచ్చేసరికి సంగప్పకు కాళ్ళు నిలవలేదు. పొద్దున్నుంచే వాడికీ కడుపునొప్పి, వాడికీ నెత్తురు. చావు ఇంట్లో ఎవరికి చెప్పుకుంటాడని దిగమింగుకుని ఊరుకున్నాడట. రేవన్న వాణ్ణి పడుకోబెట్టి, "నేను ఈడనే ఉంటా. నువ్వు పోయి సామికి చెప్పు" అని ఓబులేసును పంపాడు. ఓబులేసుకు కావలసిందీ అదే. ఆ వాకిలి దాటితే చాలనిపించింది. దారిపొడుగునా వాడికి ఒకటే ఆలోచన, గురువుగారి కాళ్ళ మీద పడి చెప్పేస్తే ఈ బరువు దిగుతుంది. సంగప్ప సంగతి వాడి మనసులోకి రానే లేదు. మనిషి తన తప్పు మొయ్యడంలో ఉన్నప్పుడు పక్కవాడు చచ్చినా కనపడడు.

మఠం వసారాలో బసవరుద్రయ్యగారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఓబులేసు చెప్పాడు. కాలిన వాలు, బండలు, దారం, పాలు రాకపోవడం, నల్లతీగ, భుజం మీద చెయ్యి, నీళ్ళు కావాలా అని అడగడం, ఏదీ దాచలేదు. అంతా చెప్పి నేల మీద బోర్లా పడి ఏడ్చాడు. గురువుగారు వాణ్ణి లేవదీయలేదు.

"ఇద్దరిని పంపేది దేనికనుకున్నావు నాయనా? గంప మొయ్యడానికా?" అన్నారు.

ఓబులేసు లేచి కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"రేవన్నకు చెప్పినావా?"

"లేదు సామీ. మీకే ముందు చెప్పాలని..."

"వాడేడి?"

"ఆడనే ఉండాడు. సంగప్పకూ అదే జబ్బు పట్టుకునింది. చూసుకుంటాండాడు."

బసవరుద్రయ్యగారు చప్పున తలెత్తారు. "గంపలో మిగిలిన పట్ట ఎక్కడుంది?"

ఓబులేసు ఆయన ముఖం వంక చూశాడు. ఆ ప్రశ్న అర్థం కావడానికి వాడికి రెండు ఊపిరులు పట్టింది. లేచాడు. తువ్వాలు అక్కడే పడి ఉంది, తీసుకోలేదు. మెట్లు దిగుతూనే పరుగందుకున్నాడు.

"అరుచుకుంటూ పో" అన్నారు వెనక నుంచి గురువుగారు. "ఊరు కనపడినప్పటినుంచీ అరుస్తానే ఉండు."

అరిచాడు. చేలగట్ల మీద పరుగెత్తుతూ, ఊరి కప్పులు కనిపించినప్పటినుంచీ, "అన్నా, తాగించాకు, అన్నా, తాగించాకు" అని గొంతు చిరిగేలా అరిచాడు. పొలాల్లో వాళ్ళు పిచ్చెక్కిందనుకుని చూశారు. వాకిట్లోకి వచ్చిపడేసరికి రేవన్న గుడ్డలో కషాయం వడగడుతున్నాడు. సంగప్ప అదే మంచం మీద, అదే వైపు తలపెట్టుకుని పడుకుని ఉన్నాడు. గిన్నె ఇంకా నిండలేదు.

"ఏమిరా?" అన్నాడు రేవన్న.

ఓబులేసు చెప్పాడు. ఈసారి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. అది కొడిశపాల కాదు అన్నాడు. కాయలు నల్లతీగవి అన్నాడు. అది మేక ముట్టనిది అన్నాడు.

రేవన్న గుడ్డను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అందులోంచి చుక్కచుక్కగా గిన్నెలోకి కారుతూనే ఉంది.

"ఎప్పుడు చూసినావు?"

"మొదటి దెబ్బకే అన్నా."

"నా భుజం మీద చెయ్యి వేసింది దానికా?"

"అవునన్నా."

"ఓదారుస్తాండావనుకున్యా" అన్నాడు రేవన్న. అతని గొంతులో కోపం లేదు, దానికే ఓబులేసుకు భయం వేసింది. గుడ్డ దించి, "తాగినాక నోరు తెరిచినావు గదరా నువ్వు. నీళ్ళు కావాలామ్మా అన్నావు" అన్నాడు. గిన్నె తీసుకుపోయి పెరట్లో గొయ్యి తవ్వి పోశాడు, పట్ట కూడా అందులోనే వేసి పూడ్చాడు. కోళ్ళు కెలకకుండా పైన రాయి పెట్టాడు. గిన్నెను బూడిదతో ఒకసారి తోమి, కడిగి, మళ్ళీ తోమాడు. నేను తోముతానని ఓబులేసు చెయ్యి చాపితే ఇవ్వలేదు.

గడ్డపార తీసుకుని ఓబులేసు ఒక్కడే అడవికి పోయాడు. దారం కట్టలేదు, ఎవరినీ అనుమతి అడగలేదు, ఏ వేళ అని చూడలేదు. ఇంకో గుట్ట ఎతుకుదామనే అనుకున్నాడు గాని కాళ్ళు ముందు ఆ ఎర్రగరుసు వాలుకే తీసుకుపోయాయి. కాలిన మోళ్ళలో ఒకదాని మొదట్లో ఊరికే, కసికొద్దీ, గడ్డపార దించాడు. మసి కింద నేల చల్లగా ఉంది. వేరు తెల్లగా బయటపడింది, చీలిన చోటినుంచి పాలు బొటబొట కారాయి. మంట పైకొమ్మల్నే తిన్నది, వేళ్ళ దాకా పోలేదు. మూడడుగుల అవతల ఇంకో మోడు, దానికీ పాలే. ఆ వాలంతటా నేల కింద మందు ఉంది. దారం కట్టిన సాయంత్రం వాళ్ళిద్దరూ దాని మీద నడిచి బండల్లోకి ఎక్కిపోయారు. ఓబులేసు తవ్వుతున్నంతసేపూ నీలమ్మను పేరుపెట్టి పిలుస్తూ, తనను తాను తిట్టుకుంటూ, బిగ్గరగా ఏడుస్తూనే తవ్వాడు.

ఆ పట్టతో సంగప్ప బతికాడు. రేవన్న వాడు లేచి తిరిగేదాకా ఉండి, ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా ఎటో వెళ్ళిపోయాడు. మఠానికి మళ్ళీ రాలేదు.

ఓబులేసు వచ్చాడు. వచ్చి వసారా మెట్టు మీద కూర్చున్నాడు, పైకి ఎక్కలేదు. బసవరుద్రయ్యగారు లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఇద్దరూ అలా ఉండగానే పొద్దు వాలింది. ఓబులేసు ఉన్నట్టుండి తలెత్తాడు. గురువుగారి ముఖంలోకి అలా సూటిగా వాడెప్పుడూ చూడలేదు.

"ఆ పొద్దు నేను అడిగినప్పుడే చెప్పింటే ఏం పోయేది సామీ మీకు?" అన్నాడు. "ఉత్త మాట అదని ఒక్క ముక్క చెప్పింటే ఆ పిల్ల బతికేది గదా. దాచిపెడతా అంటిరి. ఏం దాచిపెట్టినారు సామీ, ఎవరికోసం దాచిపెట్టినారు?"

ఇంకొకరయితే కోప్పడేవాళ్ళు. బసవరుద్రయ్యగారు కోప్పడలేదు.

"దానికి నా దగ్గర జవాబు లేదు" అన్నారు. "నువ్వు అప్పుడు అడిగినదానికి ఉండాది. మాట్లాడితే బలం పోతాదా అని గదా అడిగినావు?"

ఓబులేసు తల వంచుకున్నాడు.

"మీరు ఒక్క మాట మాట్లాడకుండానే తవ్వినారు నాయనా" అన్నారు బసవరుద్రయ్యగారు. "దాని బలం రవంత కూడా పోలేదు."